ఫైబర్ ఎక్కడ ఆగాలి, రేడియో ఎక్కడ అందుకోవాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి: దేశంలో మారుమూల ఇంటికి కూడా బ్రాడ్‌బ్యాండ్ చేరాలంటే ఫైబర్‌నీ వైర్‌లెస్‌నీ ఎలా కలపాలి? ప్రణాళిక వేసేవాళ్లు, స్తంభాలెక్కి పనిచేసేవాళ్లు, విద్యార్థులు అందరూ రాశారు. ఎవరి ప్రశ్నకు తగ్గ లోతులో వారికి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఇంటింటికీ ఫైబర్ వేయగలిగితే వేయాలి, లేకపోతే పూర్తిగా వైర్‌లెస్ పెట్టేయాలి. రెండూ కలిపితే రెండింటి తలనొప్పులూ వస్తాయి కదా?

తలనొప్పులు వస్తాయి, నిజమే. అయినా కలపక తప్పదు. ఫైబర్ ఖర్చు దూరాన్ని బట్టి పెరుగుతుంది. దారిలో పది ఇళ్లున్నా వెయ్యి ఇళ్లున్నా కిలోమీటరు కందకానికి అయ్యే ఖర్చు ఇంచుమించు ఒకటే. రేడియో ఖర్చు వాడకాన్ని బట్టి పెరుగుతుంది. దూరం దాటడం దానికి తేలిక, కానీ గాలిలో ఉన్న స్పెక్ట్రమ్‌ను అందరూ పంచుకోవాలి. కాబట్టి ముందుగా తేల్చుకోవాల్సింది ఫైబర్ ఏ బిందువు దగ్గర ఆగాలన్నదే.

ఒక లెక్క చూద్దాం. 240 ఇళ్ల గ్రామం, అందులో 60 శాతం మంది కనెక్షన్ తీసుకుంటారనుకుందాం. అంటే 144 ఇళ్లు. రద్దీవేళలో ఇంటికి సగటున 3 ఎంబీపీఎస్ వేసుకుంటే మొత్తం 432 ఎంబీపీఎస్. ఊరి నడుమ స్తంభం మీద నాలుగు సెక్టార్లు (ఒక్కో దిక్కుకు ఒక రేడియో) పెట్టి, ఒక్కోదానికి 40 మెగాహెర్ట్జ్ చానెల్, రెండు యాంటెన్నాలు ఇచ్చాం. గాలిలో 300 ఎంబీపీఎస్ కనిపించినా, ప్రోటోకాల్ ఖర్చులు పోగా, దూరం ఇళ్లూ దగ్గర ఇళ్లూ కలిసి ఉన్నప్పుడు నిజంగా చేతికొచ్చేది సెక్టార్‌కి 110 దాకా అనుకోవడం క్షేమం. నాలుగూ కలిపి 440. ఇవాళ్టికి సరిపోయింది. వాడకం రెట్టింపయిన రోజున చాలదు.

ఈ లెక్కలోంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, ఈ 432 ఎంబీపీఎస్‌ను స్తంభం దాకా తెచ్చేది ఫైబరే కావాలి. పక్క ఊరి నుంచి రేడియోతో తెస్తే, పైగా ఒకే చానెల్‌లో రిలే చేస్తే, ప్రతి మజిలీకి సామర్థ్యం సగమవుతూ పోతుంది. మూడో మజిలీలో ఉన్న ఊరికి మిగిలేది పేరుకే బ్రాడ్‌బ్యాండ్. రెండోది, స్తంభం దాకా వచ్చే కేబుల్‌లో రెండు పోగులతో సరిపెట్టుకోకండి. 12 లేదా 24 పోగుల కేబుల్ వేయండి. తవ్వకం ఖర్చు ముందు అదనపు పోగుల ఖర్చు చాలా తక్కువ. రేపు ఊరి రెండో కొసన ఇంకో స్తంభం వేయాలన్నా, చిక్కగా ఇళ్లున్న వీధికి నేరుగా ఫైబరే ఇవ్వాలన్నా ఆ పోగులే ఆదుకుంటాయి. రేడియో ఆఖరి కిలోమీటరు లోపే ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్ అంతా మొదలయ్యే కేంద్ర పరికరం) నుంచి 14 కిలోమీటర్ల దూరంలో వైర్‌లెస్ స్తంభం ఉంది. ఇళ్లకు వెళ్లే జీపాన్ (ఒక పోగును చాలా ఇళ్లు పంచుకునే పద్ధతి) స్ప్లిటర్‌లోనే, అంటే కాంతిని చీల్చే పెట్టెలోనే, ఒక కాలు స్తంభానికి ఇస్తే పనిచేస్తుందా?

కాంతి సరిపోతుందా అన్నది ఒక ప్రశ్న, సామర్థ్యం సరిపోతుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ విడివిడిగా చూడాలి.

కాంతి లెక్క ఇది. నష్టాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు, 3 డెసిబెల్ పోతే శక్తి సగమైనట్టు. 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.35 డెసిబెల్ చొప్పున 14 కిలోమీటర్లకు 4.9. 1:32 స్ప్లిటర్‌కు సుమారు 17.5. ఏడు స్ప్లైసులు (పోగుల అతుకులు), ఒక్కోటి 0.1 చొప్పున 0.7. నాలుగు కనెక్టర్లు, 0.5 చొప్పున 2. మొత్తం 25.1 డెసిబెల్. బీ ప్లస్ తరగతి ఆప్టిక్స్ (లేజర్, రిసీవర్ భాగాలు) తట్టుకునేది 28. మిగిలింది 2.9. కేబుల్ తెగినప్పుడల్లా రెండేసి కొత్త స్ప్లైసులు పడతాయి, కనెక్టర్లకు దుమ్ము పడుతుంది, కాబట్టి 3 డెసిబెల్ మార్జిన్ అయినా చేతిలో ఉండాలి. మీ లింకు సరిగ్గా అంచు మీద ఉంది. సీ ప్లస్ ఆప్టిక్స్ వేస్తే 32 దాకా వెళ్లొచ్చు. పవర్ మీటర్‌తో 1490 దగ్గర చూస్తే, ఓఎల్‌టీ నుంచి +3 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే శక్తి) బయల్దేరినప్పుడు స్తంభం దగ్గర −21 అటూ ఇటూగా రావాలి. −25 కంటే కిందికి పోయిందంటే ఎక్కడో కేబుల్ వంగి నలిగింది, లేదా కనెక్టర్ ముఖం మురికిగా ఉంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఆకుపచ్చ కనెక్టర్ ముఖం 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలం కనెక్టర్ ముఖం ఏటవాలు లేకుండా ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి దూరతాయి కానీ ముఖాలు కలవవు. మధ్యలో గాలి సందు మిగిలి కొన్ని డెసిబెల్స్ పోతాయి, కాంతి వెనక్కి తిరుగుతుంది. స్తంభం పెట్టెలో మీడియా కన్వర్టర్‌కీ ఓఎన్‌టీకీ (ఫైబర్ చివర వాడకందారు వైపు ఉండే పెట్టె) ప్యాచ్ కార్డులు మారిపోయి ఇది తరచూ జరుగుతుంటుంది.

ఇక సామర్థ్యం. జీపాన్‌లో కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244. దాన్ని 32 మందికి సమంగా పంచితే కిందికి ఒక్కొక్కరికి 77 ఎంబీపీఎస్. మీ స్తంభం ఒక ఇల్లు కాదు, వంద ఇళ్ల పెట్టు. దానికి గ్యారంటీ బ్యాండ్‌విడ్త్ ఇచ్చే టీ-కంట్ (పైకి పంపే డేటాకు ఓఎల్‌టీ ఇచ్చే వాటా) కేటాయించకుండా మామూలు ఇంటి ప్రొఫైల్ పెడితే, రద్దీవేళ ఊరంతా ఆ ఒక్క ఇంటి వాటాలో కొట్టుకుంటుంది. వీలుంటే స్తంభానికి వేరే పోగు మీద నేరుగా ఈథర్‌నెట్ ఇవ్వండి. పోగు లేకపోతే అదే పోగు మీద జీపాన్ తర్వాతి తరమైన ఎక్స్‌జీఎస్-పాన్ ఎక్కించవచ్చు. అది కిందికి 1577, పైకి 1270 నానోమీటర్లు వాడుతుంది కాబట్టి జీపాన్ వాడే 1490, 1310 జోలికి పోదు. రెండు వైపులా 10 జీబీపీఎస్ దొరుకుతుంది. ఓఎల్‌టీ దగ్గర కలిపే ఫిల్టర్ నష్టాన్ని మాత్రం పై లెక్కలో కలుపుకోవడం మరవకండి.

ప్రశ్న: ఫైబర్ ఎలాగూ ఉంది. మొబైల్ టవర్ల బేస్‌బ్యాండ్ పరికరాలన్నీ (సంకేతాన్ని లెక్కకట్టే భాగాలు) ఒకే కేంద్రంలో పెట్టి, టవర్ మీద రేడియో మాత్రం ఉంచి, మధ్యలో జీపాన్ వాడితే ఖర్చు తగ్గదా?

బేస్‌బ్యాండ్‌ను ఒకచోట పెట్టడం మంచి ఆలోచనే. మధ్యలో జీపాన్ మాత్రం కుదరదు. ఎందుకో అంకెలే చెబుతాయి.

20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ) సెల్ ఒకటి తీసుకోండి. రెండు యాంటెన్నాలతో అది వాడకందార్లకు గరిష్ఠంగా ఇచ్చేది 150 ఎంబీపీఎస్. కానీ బేస్‌బ్యాండ్‌కీ రేడియోకీ మధ్య సీప్రీ లింకులో వెళ్లేది వాడకందారు డేటా కాదు, రేడియో తరంగం తాలూకు శాంపిళ్లు. సెకనుకు 3 కోట్ల 7 లక్షల 20 వేల శాంపిళ్లు, ఒక్కోదాంట్లో రెండు భాగాలు, భాగానికి 15 బిట్లు, రెండు యాంటెన్నాలు: 1,843.2 ఎంబీపీఎస్. దానికి కంట్రోల్ సమాచారం పదిహేనులో ఒక వంతు కలపండి, 1,966.08. లైన్ కోడింగ్‌లో ప్రతి 8 బిట్లకూ 10 పంపాలి కాబట్టి 2,457.6. జీపాన్ పోర్టు మొత్తం సామర్థ్యాన్ని ఒక్క చిన్న సెల్ మింగేసింది. పైకి వెళ్లే దారిలోనూ ఇదే వేగం కావాలి, అక్కడ జీపాన్‌కు ఉన్నది అందులో సగం. పైగా వాడకందార్లు ఎవరూ లేని అర్ధరాత్రి కూడా ఈ ప్రవాహం ఆగదు, తగ్గదు.

ఆలస్యం సంగతి ఇంకా కఠినం. ఫ్రంట్‌హాల్‌కు, అంటే బేస్‌బ్యాండ్‌కీ రేడియోకీ మధ్య లింకుకు, ఒక వైపు ఆలస్యం 100 మైక్రోసెకన్ల లోపు ఉండాలని డిజైన్ చేస్తారు. ఫైబర్‌లో కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే ఖాళీ ఫైబర్ మీదే 20 కిలోమీటర్లకు ఆ బడ్జెట్ అయిపోతుంది. జీపాన్‌లో పైకి పంపాలంటే ఓఎన్‌టీ ముందు అడగాలి, వంతు రావాలి. ఈ నిరీక్షణే మిల్లీసెకను దాటిపోవచ్చు.

కాబట్టి ఫ్రంట్‌హాల్‌కు విడి పోగు గానీ, విడి తరంగదైర్ఘ్యం గానీ ఇవ్వండి. బేస్‌బ్యాండ్‌ను టవర్ దగ్గరే ఉంచి ప్యాకెట్లుగా తెచ్చే బ్యాక్‌హాల్‌కైతే పాన్ (జీపాన్ లాంటి పంచుకునే ఫైబర్) బాగానే పనికొస్తుంది. దానికి కావాల్సింది వాడకందార్ల డేటాతో పాటు కొద్దిపాటి అదనం మాత్రమే.

టీడీడీ రకం సెల్ (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపి, వినేది) అయితే గడియారం కూడా చూసుకోవాలి. పక్కపక్క సెల్‌లు ఒకే క్షణంలో మాట్లాడి ఒకే క్షణంలో వినాలి. ఉమ్మడి ప్రామాణిక సమయానికి ప్రతి సెల్ ±1.5 మైక్రోసెకన్ల లోపు ఉండాలి. సమయాన్ని నెట్‌వర్క్ ద్వారా తెచ్చే పీటీపీ ప్రోటోకాల్, వెళ్లే దారీ వచ్చే దారీ సమానమని నమ్ముతుంది. రెండు పోగులు వాడే లింకులో ఒక పోగు 100 మీటర్లు పొడవుంటే, ఉదాహరణకు మరమ్మతులో ఒకదానికి మాత్రమే చుట్ట కలిస్తే, 500 నానోసెకన్ల తేడా వచ్చి గడియారం 250 నానోసెకన్లు పక్కకు జరుగుతుంది. అలారమేమీ మోగదు. ఇలాంటివి పోగుపడి హద్దు దాటితే సెల్ అంచుల్లో కాల్స్ తెగడం మాత్రం మొదలవుతుంది. మరమ్మతు అయ్యాక ఓటీడీఆర్‌తో (కాంతి పంపి పోగును కొలిచే పరికరం) రెండు పోగుల పొడవూ కొలిచి రాసిపెట్టుకోవాలని ప్రతి బృందానికీ నిక్కచ్చిగా చెప్పండి.

ప్రశ్న: ఫైబర్ చివరి నుంచి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి 5.8 గిగాహెర్ట్జ్ లింకు వేశాం. లెక్క ప్రకారం −62 డీబీఎం రావాలి, −74 వస్తోంది. పరికరాలు మార్చి చూసినా అంతే.

ముందు మీ లెక్క సరిచూద్దాం. ఖాళీ స్థలంలో నష్టం: 92.45 కి దూరం తాలూకు 13.98, ఫ్రీక్వెన్సీ తాలూకు 15.27 కలిపితే 121.7 డెసిబెల్. చాలా దేశాల్లో ఈ బ్యాండ్‌లో అనుమతించే 36 డీబీఎం ప్రసార శక్తితో బయల్దేరి, అవతల 25 డీబీఐ (సంకేతాన్ని ఒక దిక్కుకు ఎంత కూడగడుతుందో చెప్పే కొలత) యాంటెన్నా, 1 డెసిబెల్ కేబుల్ నష్టం: 36 − 121.7 + 25 − 1 = −61.7. మీ లెక్క సరైనదే. తప్పిపోయింది 12 డెసిబెల్.

ఈ పరిమాణంలో తేడా వస్తే మొదటి అనుమానం గురి మీదే పడాలి. డిష్ యాంటెన్నాకు మధ్య పుంజంతో పాటు పక్క పుంజాలూ ఉంటాయి. వాటిలో మొదటిది ప్రధాన పుంజం కంటే సుమారు 13 నుంచి 20 డెసిబెల్ తక్కువగా ఉంటుంది. బిగించేటప్పుడు సిగ్నల్ పెరిగి, తగ్గి, "ఇదే శిఖరం" అనిపించిన చోట నట్లు బిగిస్తారు. అది పక్క పుంజం శిఖరం కావచ్చు. ఒక కొసన యాంటెన్నాను కదలకుండా ఉంచి, రెండో దాన్ని అడ్డంగా కనీసం 30 డిగ్రీలు మెల్లగా తిప్పండి. తిప్పుతూ అంకెలు రాసుకోండి. మూడు శిఖరాలు కనిపించాలి, నడిమిది ఎత్తయినది. తర్వాత నిలువుగా అదే పని చేయండి. ఎత్తుపల్లాల నేలలో నిలువు గురి తప్పడమే ఎక్కువ. ఆపైన రెండో కొసకు వెళ్లి మొదటి నుంచి మళ్లీ చేయండి. ఒకే కొసన చేసి దిగిపోతే సగం పని చేసినట్టే.

గురి బాగున్నా −74 దగ్గరే ఉంటే దారి చూడండి. రేడియోకు కంటికి కనిపించే సరళరేఖ చాలదు, ఆ రేఖ చుట్టూ ఖాళీ కావాలి. 5 కిలోమీటర్ల లింకులో నడి మధ్యన ఫ్రెనెల్ వలయం వ్యాసార్ధం 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 4.8 మీటర్లు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. భూమి వంపు ఈ దూరంలో 0.4 మీటర్ల లోపే. చెట్ల కొమ్మలు రేఖకు రెండు మీటర్ల కింద ఉంటే కంటికి దారి స్పష్టంగానే కనిపిస్తుంది, రేడియోకు మాత్రం సగం మూసుకుపోయినట్టే. ఆకులు తడిసినప్పుడు ఇంకా పడిపోతే దోషి చెట్టే. ఏటా చెట్టు ఎదిగే ఎత్తును ముందే కలుపుకుని స్తంభం ఎత్తు నిర్ణయించాలి.

మూడో అనుమానం యాంటెన్నా కనెక్టర్లో నీరు. రేడియో పేజీలో రెండు చైన్ల (యాంటెన్నా దారుల) సిగ్నల్ విడివిడిగా చూపిస్తుంది. రెండింటికీ 3 డెసిబెల్ కంటే ఎక్కువ తేడా ఉంటే బలహీనంగా ఉన్న వైపు కేబుల్ విప్పి చూడండి. రెండూ సమంగా తక్కువ ఉంటే అది గురి గానీ, దారి గానీ.

ప్రశ్న: ఒక సెక్టార్ మీద పది ఇళ్లు హాయిగా నడిచేవి. దూరంగా ఉన్న ఒక ఇల్లు కలిపాక అందరూ నెమ్మదించారు. ఒక్క ఇంటి వల్ల ఇంత తేడా వస్తుందా?

వస్తుంది. సెక్టార్‌లో పంచుకునేది మెగాబిట్లు కావు, సమయం. దగ్గరి ఇంటితో రేడియో 240 ఎంబీపీఎస్‌తో మాట్లాడుతుంది, దూరపు ఇంటితో 24 తో అనుకోండి. ఇద్దరికీ సమానంగా డేటా పంపాలని చూస్తే, ప్రతి మెగాబిట్‌కూ దూరపు ఇల్లు పది రెట్లు సమయం తింటుంది. ఇద్దరికీ కలిపి వచ్చేది 44 ఎంబీపీఎస్ కూడా ఉండదు, అంటే తలా 22. దగ్గరి ఇల్లు ఒంటరిగా ఉంటే దొరికేది 240.

పరిష్కారం ఆ ఇంటి యాంటెన్నాను మార్చడంలో ఉంది. 16 డీబీఐ బదులు 25 డీబీఐ డిష్ పెడితే 9 డెసిబెల్ కలిసొచ్చి మాడ్యులేషన్ (ఒక్కో సంకేతంలో మోసే బిట్ల స్థాయి) రెండు మూడు మెట్లు ఎక్కుతుంది. స్తంభం వైపు పరికరంలో అందరికీ సమాన సమయం ఇచ్చే అమరిక ఉంటే తప్పకుండా పెట్టండి. అప్పుడు నెమ్మది ఇంటి భారం ఆ ఇంటి మీదే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చే ముందే, ఫలానా సిగ్నల్ కంటే తక్కువ వస్తే పెద్ద యాంటెన్నా లేకుండా ఇవ్వబోమని నియమం పెట్టుకుని దానికి కట్టుబడండి. −70 మంచి గీత.

ప్రశ్న: నది దాటడానికి 80 గిగాహెర్ట్జ్ లింకు మేలా, 5.8 మేలా? ఫైబర్‌కు వంతెన లేదు, దూరం 2 కిలోమీటర్లు.

రెండూ వేయండి. గంటకు 50 మిల్లీమీటర్ల వానలో 80 గిగాహెర్ట్జ్ లింకు కిలోమీటరుకు సుమారు 18 డెసిబెల్ పోగొట్టుకుంటుంది. 100 మిల్లీమీటర్ల వానలో 30 దాకా. అదే 50 మిల్లీమీటర్ల వానలో 5.8 కి అర డెసిబెల్ కూడా పోదు. మామూలు 30 సెంటీమీటర్ల డిష్‌లు, 43 డీబీఐ చొప్పున, 15 డీబీఎం శక్తితో పెడితే 2 కిలోమీటర్లకు −35 వస్తుంది. లింకు తెగేది −70 దగ్గర అనుకుంటే చేతిలో 35 డెసిబెల్ ఉంది. 50 మిల్లీమీటర్ల వాన 2 కిలోమీటర్ల మీద 36 తింటుంది. అంటే జోరువానలో కాసేపు తెగుతుంది. ఇదే లింకు కిలోమీటరు పొడవైతే 100 మిల్లీమీటర్ల వానలోనూ నిలబడేది. కాబట్టి ఒడ్డున ఇంకొంచెం ముందుకు స్తంభం వేయగలరేమో చూడండి. ఆ మిగిలిన ముక్కకు ఫైబర్ లాగొచ్చు.

ఎండవేళల్లో 80 గిగాహెర్ట్జ్ లింకు పలు గిగాబిట్లు మోస్తుంది, జోరువానలో 5.8 లింకు 200 ఎంబీపీఎస్‌తో ప్రాణం నిలుపుతుంది. రెండు లింకులనూ మామూలు లింక్ అగ్రిగేషన్‌తో జత కట్టకండి. అది రెండూ సమానమనుకుని సగం ప్రవాహాలను చిన్న లింకులోకి తోసేస్తుంది, ఎండలో కూడా సగం మంది ఇబ్బంది పడతారు. రూటింగ్ మెట్రిక్‌తో ఒకటి ముఖ్యం, ఒకటి నిల్వ అని పెట్టండి. వాన జోరు హెచ్చుతగ్గులవుతుంటే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది, కాబట్టి ముఖ్య లింకు తిరిగి వచ్చాక ఐదు నిమిషాలు స్థిరంగా ఉంటేనే దానిమీదికి మళ్లేలా టైమర్ పెట్టండి. నిల్వ లింకు మీద ఉన్నప్పుడు ఫోన్ కాల్స్, ఆసుపత్రి, బడి, చెల్లింపుల ట్రాఫిక్ ముందు వెళ్లేలా క్యూలు ముందే రాసి, ఎండ రోజున లింకు ఆపి పరీక్షించండి.

ఇదే సూత్రం ఫైబర్ రింగులకూ వర్తిస్తుంది. రింగు గీసిన పటంలో రెండు దారులు కనిపిస్తాయి, నేల మీద చూస్తే రెండు కేబుళ్లూ ఒకే కందకంలో ఉంటాయి. ఒక్క తవ్వకం యంత్రం రెండింటినీ కోసేస్తుంది. రెండో కందకానికి డబ్బు లేని చోట రేడియోనే రెండో దారిగా పెట్టడం మంచిది. తవ్వకం రేడియోను తాకదు, వాన ఫైబర్‌ను తాకదు.

ప్రశ్న: ఒక పాన్ పోర్టు మీద ఉన్న అన్ని కనెక్షన్లూ, స్తంభంతో సహా, ఒకేసారి పడిపోయాయి. కాంతి స్థాయి చూస్తే బాగానే ఉంది. కారణమేమిటి?

పైకి పంపాల్సిన వంతు రాకుండానే లేజర్ వెలిగించి ఉంచే ఓఎన్‌టీ ఒకటి లోపల ఉండి ఉంటుంది. కిందికి వచ్చే కాంతి బాగుంటుంది కాబట్టి మీటర్ అబద్ధం చెప్పదు, కానీ నిజమంతా చెప్పదు. కొన్ని ఓఎల్‌టీలు తప్పు చేస్తున్నదాన్ని గుర్తించి ఆపగలవు. లేకపోతే స్ప్లిటర్ దగ్గర సగం కాళ్లు విప్పి, మిగిలినవి లేస్తాయేమో చూడండి. లేస్తే దోషి విప్పిన సగంలో ఉంది. ఇలా సగం సగం చేస్తూ పోతే 32 లోంచి ఐదు అడుగుల్లో దొరుకుతుంది. స్తంభాన్ని ఇళ్ల స్ప్లిటర్‌లో పెట్టవద్దని పైన చెప్పడానికి ఇది ఇంకో కారణం. ఎవరింట్లోనో పాడైన పెట్టె ఊరంతటి వైర్‌లెస్‌ను పడగొట్టకూడదు.

ప్రశ్న: 60 గిగాహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని అలాగే కాంతి మీద ఎక్కించి ఫైబర్‌లో పంపితే, దూరంలో శక్తి సున్నా అవుతుందని చదివాను. ఫైబర్‌లో నష్టం అంత తక్కువ కదా, ఎందుకలా? (విద్యార్థిని)

నష్టం వల్ల కాదు, రెండు పక్కబ్యాండ్ల గొడవ వల్ల. కాంతి తీవ్రతను రేడియో సంకేతంతో మాడ్యులేట్ చేస్తే క్యారియర్‌కు (మోసే కాంతికి) అటూ ఇటూ రెండు పక్కబ్యాండ్లు వస్తాయి. 1550 నానోమీటర్ల దగ్గర మామూలు సింగిల్ మోడ్ ఫైబర్ డిస్పర్షన్ (వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వేర్వేరు వేగంతో వెళ్లడం) కిలోమీటరుకు, నానోమీటరుకు 17 పికోసెకన్లు. దాంతో రెండు పక్కబ్యాండ్ల ఫేజ్‌లు విడిపోతాయి. అవతల ఫోటోడయోడ్‌లో ఒక్కోటి క్యారియర్‌తో కలిసి 60 గిగాహెర్ట్జ్‌ను పుట్టిస్తుంది. ఆ రెండూ ఎదురెదురు ఫేజ్‌లో వస్తే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. 60 గిగాహెర్ట్జ్‌కు ఇది సుమారు ఒక కిలోమీటరు దగ్గరే జరుగుతుంది. దూరం ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి 6 గిగాహెర్ట్జ్‌కు వంద కిలోమీటర్ల దాకా సమస్య రాదు. ఒక పక్కబ్యాండ్‌ను వడకట్టి పంపడం, లేదా తక్కువ ఫ్రీక్వెన్సీలో పంపి స్తంభం దగ్గర పైకి మార్చడం దీనికి విరుగుళ్లు.

ప్రశ్న: దేశమంతటికీ ప్రణాళిక వేసేటప్పుడు ఫైబర్ ఎంత శాతం, వైర్‌లెస్ ఎంత శాతం అన్నది ఎలా నిర్ణయించాలి?

ముందు శాతం నిర్ణయించి, తర్వాత ఇళ్లు వెతకకండి. ఇళ్లను పటం మీద పెట్టి, ఒక్కో ఇంటికి పడే కందకం పొడవును బట్టి వరుస పేర్చండి. ఆ వరుసలో ఖర్చు చాలాదూరం మెల్లగా పెరిగి, చివర్లో నిటారుగా లేస్తుంది. ఆ మలుపు దగ్గర రేడియో అందుకోవాలి. ఆఖరున మిగిలిన చెదురుమదురు ఇళ్లకు ఉపగ్రహం.

ఆస్ట్రేలియా జాతీయ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ను 2009 లో ప్రకటించింది. తర్వాత ఖరారైన ప్రణాళికలో 93 శాతానికి ఇంటిదాకా ఫైబర్, 4 శాతానికి స్థిర వైర్‌లెస్, 3 శాతానికి ఉపగ్రహం. ఆ ఉపగ్రహాలు రెండు, 2015 లోనూ 2016 లోనూ ఎగిరాయి. 2013 తర్వాత ప్రణాళిక మారి, చాలాచోట్ల ఫైబర్‌ను వీధి పెట్టె దగ్గర ఆపి పాత రాగి తీగ వాడారు. 2020 లో ఆ ఇళ్లలో చాలావాటిని మళ్లీ ఫైబర్‌కు మార్చే కార్యక్రమం ప్రకటించారు. మాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఫైబర్ అర్ధంతరంగా ఆగిన చోట మళ్లీ పని చేయాల్సి వచ్చింది.

భూస్థిర ఉపగ్రహం గురించి ఒక మాట. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు ప్రశ్న వెళ్లి దిగి, జవాబు వెళ్లి దిగేసరికి ప్రయాణానికే 477 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ పరికరమూ దీన్ని తగ్గించలేదు. వీడియో చూడటానికి ఫర్వాలేదు, ఎదురుబొదురు సంభాషణకు ఇబ్బందే. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు ఈ బెడద లేదు.

ప్రశ్న: ఫైబర్ నుంచి రేడియోకు మారాక పింగ్ వస్తుంది, కొన్ని సైట్లు తెరుచుకోవు.

పెద్ద ప్యాకెట్లు దారిలో ఎక్కడో పడిపోతున్నాయి. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపండి. శీర్షికలు కలిపితే 1500 అవుతుంది. పీపీపీఓఈ (వాడకందారు లాగిన్ పద్ధతి) ఉంటే 1464 పెట్టండి. పోకపోతే తగ్గిస్తూ పోయి హద్దు కనుక్కోండి. రెండు వీల్యాన్ ట్యాగులు (ట్రాఫిక్‌ను వేరుచేసే గుర్తులు) పడితే ఫ్రేము 1526 బైట్లవుతుంది, కొన్ని రేడియోలు 1522 దగ్గరే ఆపేస్తాయి. దారిలోని ప్రతి పరికరంలో ఎంటీయూ (దాటించే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) కనీసం 1600 కు పెంచండి. పెంచలేని చోట ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా) 1452 కు కుదించండి.

ప్రశ్న: స్తంభం దగ్గర బ్యాటరీ ఎంత పెట్టాలి? మెరుపులకు రేడియోలు కాలిపోతున్నాయి.

రేడియోలు, ఓఎన్‌టీ, స్విచ్ కలిపి 45 వాట్లు అనుకుందాం. 12 గంటలకు 540 వాట్-అవర్లు, కన్వర్టర్ నష్టంతో 600. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 1,200 కావాలి, 48 వోల్టుల దగ్గర 25 యాంపియర్-అవర్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడొచ్చు, 16 చాలు. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీల వేడికీ లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుంది. పెట్టెను నీడలో పెట్టండి. ఓఎల్‌టీ వైపు బ్యాటరీ ఇంతకంటే తక్కువ గంటలు వస్తే ఇక్కడ పెట్టిన ఖర్చు వృథా.

మెరుపు విషయంలో, కాల్చేది ఎక్కువగా నేరుగా పడిన పిడుగు కాదు. దగ్గర్లో పడినప్పుడు స్తంభం ఎక్కే రాగి కేబుల్‌లో పుట్టే ఉప్పెన. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, సర్జ్ ప్రొటెక్టర్ పైనా కిందా రెండు చోట్లా పెట్టి, స్తంభం ఎర్త్‌నూ పెట్టె ఎర్త్‌నూ లావుపాటి రాగి పట్టీతో ఒక్కటి చేయండి. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే వాటి మధ్య వోల్టేజీ తేడా రేడియో గుండానే ప్రవహిస్తుంది. కొత్త స్తంభాలకైతే డేటాను ఫైబర్ మీద పైకి పంపి, కరెంటుకు మాత్రం డీసీ తీగ వేయండి. ఇనుప కవచం ఉన్న ఫైబర్ కేబుల్ వాడితే ఆ కవచాన్ని పెట్టెలోకి వచ్చే చోటే ఎర్త్‌కు కలపాలి. గాజు పోగుకు విద్యుత్తు అంటకపోయినా కవచానికి అంటుతుంది.